సెలైన్ పైపుతో గేర్ ఆయిల్: ఆ మెసేజ్‌లో తప్పెక్కడ

తిరుపతి, చిత్తూరు వైపు కార్లున్నవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. గేర్ ఆయిల్ మార్చడానికి మెకానిక్ అక్కర్లేదట. సెలైన్ పైపు, కూల్‌డ్రింక్ బాటిల్, 17 నంబరు పానా చాలట. ముందు చక్రాలను ఇంటి గేటు ర్యాంపు ఎక్కించి, కింది నట్టు విప్పి పాత ఆయిల్ వదిలేయాలి. తర్వాత పై నట్టు తీసి కొత్తది పొర్లేదాకా పోయాలి. తిరుమల ఘాట్ ఎక్కే కారైతే 140 నంబరు ఆయిల్ వేస్తే ఇక ఢోకా ఉండదట.

ఇంట్లో మార్చుకోవచ్చన్న మాట నిజమే. మాన్యువల్ గేర్ల కారుకు ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. తిరకాసంతా మిగతా మాటల్లో ఉంది.

మొదట, ఆ కింది నట్టు సంగతి. మెసేజ్‌లో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. ముందు విప్పాల్సింది పై నట్టు, అంటే ఆయిల్ పోసే నట్టు. కారు కొన్ననాటి నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకుని ఉండకపోవచ్చు. అల్యూమినియం కేసింగులో పట్టేసి ఉంటుంది. కింది నట్టు తేలిగ్గా వచ్చేసి, ఆయిలంతా ట్రేలోకి దిగాక పై నట్టు కదలకపోతే? కారు స్టార్ట్ చేసి షెడ్డుకు తీసుకెళ్లలేరు. తాడు కట్టి లాగించినా ముందు చక్రాలతో పాటు లోపలి గేర్లు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. అదే పై నట్టును ముందు పట్టుకుంటే, రాకపోయినా నష్టం లేదు. పాత ఆయిల్ లోపలే ఉంది కాబట్టి నడుపుకుంటూనే మెకానిక్ దగ్గరికి పోవచ్చు.

ఇక 17 నంబరు పానా. కొన్ని కార్లలో నట్టుకు ఆరు పలకల తల ఉంటుంది, కొన్నిటికి ఎలన్ కీ (ఆరు పలకల కడ్డీ) దూరే గుంట, మరికొన్నిటికి చదరపు గుంట. కారు కింద చూడకుండా నంబరు చెప్పడం జాతకం చెప్పడం లాంటిదే. పట్టేసిన నట్టుకు నోరు తెరిచిన పానా వేస్తే మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆరు పలకల సాకెట్టు, పొడుగు హ్యాండిల్ వాడాలి. గుంట ఉన్న రకమైతే అందులోని మట్టిని సూదితో గీకి, కీని సుత్తితో రెండు దెబ్బలు కొట్టి అడుగంటా కూర్చోబెట్టాకే తిప్పాలి. ఇంజిన్ ఆయిల్ నట్టునే గేర్‌బాక్సు నట్టు అనుకుని విప్పేవాళ్లు, దానికి ఉల్టా చేసేవాళ్లు తక్కువేం కాదు. చక్రానికి వెళ్లే డ్రైవ్ షాఫ్టులు బయటికొచ్చే పెట్టె గేర్‌బాక్సు, అది గుర్తు.

సెలైన్ పైపు దగ్గర లెక్క చూడండి. దాని లోపలి వ్యాసం సుమారు 3 మిల్లీమీటర్లు. మందపాటి ద్రవం సన్నటి పైపులో నిమిషానికి పారే పరిమాణం వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. అంటే 10 మిల్లీమీటర్ల పైపులో దానికి సుమారు 120 రెట్లు పారుతుంది. 40 డిగ్రీల వేడిలో కూడా, 75డబ్ల్యూ-90 (ఒక గేర్ ఆయిల్ గ్రేడు) రెండు లీటర్లు సెలైన్ పైపులోంచి బరువు మీదే దిగాలంటే రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఉదయం పూట ఇంకా ఎక్కువ. అంతసేపు ఆగలేక బాటిల్ పిసుకుతారు, మూతకు పెట్టిన పైపు ఊడి ఆయిల్ మోచేతుల దాకా కారుతుంది. గేర్ ఆయిల్‌లోని గంధకం వాసన రెండ్రోజులైనా చేతుల్ని వదలదు.

మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన ట్యూబు, లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లది, రెండు మీటర్లు కొనండి. బానెట్ పైనుంచి గరాటు పెట్టి, ట్యూబును పై నట్టు రంధ్రంలోకి దించితే రెండు లీటర్లు కొద్ది నిమిషాల్లో దిగిపోతాయి. పైనుంచి దారి లేని కార్లకు అర లీటరు పట్టే చేతి సిరంజి పంపు వాడాలి. నాలుగైదు సార్లు లాగి వదిలితే పని అవుతుంది.

ఆ ట్యూబుకు ఇంకో ఉపయోగం ఉంది. "ర్యాంపు ఎక్కించండి" అన్న సలహా ఎందుకు తప్పో అదే చూపిస్తుంది. చాలా కార్లలో పై నట్టు రంధ్రం కింది అంచే ఆయిల్ మట్టం, కాబట్టి "పొర్లేదాకా" అన్న మాట వాటి వరకు సరైనదే. కానీ కారు సమతలంగా ఉంటేనే. ముందు భాగం పైకి లేస్తే, రంధ్రం గేర్‌బాక్సు ముందు వైపు ఉన్న కారులో ఆయిల్ ఎక్కువవుతుంది. వెనక వైపు ఉన్న కారులో తక్కువ చేరి ముందే పొర్లుతుంది. ఎక్కువైతే నురగ కట్టి బ్రీతర్ (గేర్‌బాక్సుకు గాలి ఆడే రంధ్రం) గుండా బయటికొస్తుంది, తక్కువైతే పై బేరింగులు ఎండుతాయి. అందుకే నాలుగు స్టాండ్ల మీద ఒకే ఎత్తులో నిలపాలి. ట్యూబులో నీళ్లు నింపి, తలుపుల కింది అంచు ముందూ వెనకా నీటి మట్టానికి సరిపోతోందా చూడండి. ఆయిల్‌కు మాత్రం వేరే పొడి ముక్క వాడాలి. జాకీ ఉన్నది చక్రం మార్చడానికే. జాకీ మీదే నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు.

140 నంబరు మాట మాత్రం ముచ్చటగా ఉంటుంది: ఘాట్ బరువు, కాబట్టి ఆయిల్ చిక్కన. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ పట్టుతో రావడం గేర్ల మీద భారమే. కానీ గేరు మారాలంటే ఇత్తడి సింక్రో రింగు (గేర్ల వేగాలను కలిపే రింగు) ఆయిల్ పొరను చీల్చుకుని గేరు మీది కోన్‌ను పట్టుకోవాలి. చిక్కటి ఆయిల్‌లో ఆ పట్టు ఆలస్యమవుతుంది. పొద్దున్నే రెండో గేరు మొరాయిస్తుంది, బలవంతపెడితే గరగరమంటుంది, రింగు అరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర 90 నంబరు చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్సు (చిక్కదనానికి కొలమానం), 140ది 24 పైన. 75డబ్ల్యూ-90లో 75 చూసి పలచన అనుకోవద్దు. వేడెక్కాక అదీ 90 నంబరే. జీఎల్-4, జీఎల్-5 అన్నవి గేర్ ఆయిల్ రకాలు; లారీల క్రౌన్‌కు (వెనక ఇరుసులోని పెద్ద గేరుకు) వాడే జీఎల్-5 ఆయిల్‌ను జీఎల్-4 అడిగే గేర్‌బాక్సులో పోయకూడదు. ఇత్తడి రింగులకు అది సరిపడకపోవచ్చు. కారు మాన్యువల్ పుస్తకంలో ఏ గ్రేడు ఉంటే అదే, తిరుమలకైనా కాణిపాకానికైనా. సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్) కార్లకు ఈ పద్ధతే వర్తించదు, వాటి ఫ్లూయిడే వేరు.

మెసేజ్‌లో లేనివి రెండు. ఒకటి కొలత: దిగిన పాత ఆయిల్‌నూ, పోసిన కొత్తదాన్నీ కొలవాలి. పుస్తకంలో 2.2 లీటర్లని ఉండి 1.5కే పొర్లితే కారు వాలి ఉన్నట్టు. రెండోది బిగింపు: వాషర్ ఉంటే కొత్తది వేయాలి, కొన్ని కార్లలో సీలెంట్ రాస్తారు. కారు పుస్తకం 30 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత) అంటే, 30 సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. అంతకు మించితే పోయేది నట్టు కాదు, కేసింగులోని మర. కింది నట్టు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉండటం మామూలే. గోటికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే గేర్‌బాక్సును మెకానిక్‌కు చూపించాలి. పది కిలోమీటర్లు నడిపాక రెండు నట్ల చుట్టూ టిష్యూ కాగితంతో తుడిచి, తడి తగులుతోందేమో చూడండి.