చిన్నప్పటి నుంచి కలిపి పెంచితే సర్దుకుంటాయట!

"చిన్నప్పటి నుంచీ కలిపి పెంచండి, అవే అలవాటు పడిపోతాయి." ఆక్వేరియం పెట్టుకున్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. అమ్మేవాళ్లు ధైర్యంగా చెప్తారు, కొనేవాళ్లు సంతోషంగా నమ్ముతారు, మధ్యలో చేపలు చస్తాయి. నిన్న కూడా ఒకాయన నాకు ఫోటో పంపారు. వేలెడంత ఆస్కార్ పిల్లలు మూడు, వాటి చుట్టూ గప్పీలు, నియాన్ టెట్రాలు. కింద "చూశారా, ఎంత స్నేహంగా ఉన్నాయో!" అని రాశారు. ఉంటాయండీ, ఎందుకుండవు? ఆస్కార్ నోరు ఇంకా గప్పీ పట్టేంత కాలేదు, అంతే.

ఆయన్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు లెండి. నా మొదటి ట్యాంకులో పన్నెండు నియాన్లు, చొక్కా బొత్తాం అంతున్న ఏంజెల్ ఫిష్ పిల్లలు నాలుగు. రెండూ అమెజాన్ ప్రాంతపు చేపలే కదా, ఒక ఊరివాళ్లకి గొడవేంటి అనుకున్నాను. నాలుగైదు నెలలు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు లెక్కపెడితే పదకొండు. ఇంకో వారానికి తొమ్మిది. ఫిల్టర్‌లోకి వెళ్లిపోయాయేమోనని దాన్ని విప్పి చూశాను. ట్యాంకు వెనకాల ఎగిరి పడ్డాయేమోనని వెతికాను. నీళ్లు పరీక్షిస్తే అమ్మోనియా సున్నా, అంటే తప్పు నీళ్లది కాదు. ఒక తెల్లవారుజామున లైటు వేస్తే దొంగ దొరికింది. ఏంజెల్ నోట్లోంచి ఎర్రటి తోక ఒకటి బయటికి వేలాడుతోంది. నియాన్లు రాత్రిపూట రంగు వెలిసిపోయి కదలకుండా నిలబడతాయి. అంతకంటే సులువైన వేట ఏముంటుంది?

అప్పుడు నాకు ఏంజెల్ మీద కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అది పాత స్నేహాన్నేమీ మర్చిపోలేదు, దానికి నోరు పెరిగింది. ఏంజెల్ 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, నియాన్ 4 దాటదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే కథ ఎలా ముగుస్తుందో కొనేరోజే తెలిసిపోతుంది. మత్స్యన్యాయం అని మనవాళ్లు ఊరికే పేరు పెట్టలేదు కదా. రాజ్యాల గురించి మాట్లాడేటప్పుడు గుర్తొచ్చే ఆ మాట, అసలు చేపల్ని కొనేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాదు.

అందుకే "ఈ చేప ఆ చేపతో కలుస్తుందా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు పెద్దయ్యాక ఎంతవుతుందో అడుగుతాను. సీసాలో కనిపించే సైజు కాదు, రెండేళ్ల తర్వాతి సైజు. ఆస్కార్ 30 సెంటీమీటర్లకి వెళ్తుంది. దాని పక్కన ఉండాల్సిన చేప అంత పొడుగు కాకపోయినా ఒళ్లు వెడల్పుగా, నోట్లో పట్టనంత ఉండాలి. సిల్వర్ డాలర్లు సరిపోతాయి, చురుగ్గా తప్పుకోగలవు కూడా. అడుగున తిరిగే చిన్న కోరీలు మాత్రం వద్దు. వాటి రెక్కలకి గట్టి ముళ్లుంటాయి, భయపడితే వాటిని విప్పి బిగిస్తాయి. మింగబోయిన ఆస్కార్ గొంతులో ముల్లు ఇరుక్కుంటుంది, రెండూ చస్తాయి. అడుగు క్లీనింగ్ అవుతుంది కదా అని కోరీలు వేసి, చివరికి ఆస్కార్‌ని పోగొట్టుకున్నవాళ్లున్నారు.

సైజు ఒక్కటే చూస్తే కూడా మోసపోతాం. టైగర్ బార్బ్‌నే తీసుకోండి. అది ఎవర్నీ మింగేంత పెద్దది కాదు, ఒళ్లంతా కలిపి ఆరేడు సెంటీమీటర్లు. కానీ రెండు మూడు బార్బ్‌లు తెచ్చి గప్పీలతోనో గౌరామీలతోనో వేస్తే వారంలో వాటి తోకలు చిరిగిన గుడ్డపేలికల్లా అవుతాయి. గొడవ చేస్తున్నాయి కాబట్టి ఇంకా తగ్గిద్దాం అనుకుంటారు అందరూ. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. బార్బ్‌లు గుంపు చేపలు. ఎనిమిదో పదో ఉంటే వాటి ఆట, పోట్లాట, పెద్దరికం అన్నీ వాటిలో వాటికే సరిపోతాయి, పక్కవాళ్ల మీదకి తక్కువ వస్తాయి. తక్కువ అన్నాను, రావు అనలేదు. ఏంజెల్, గప్పీ, ఫైటర్ లాంటి పొడుగు రెక్కల చేపలు కళ్లెదుట ఊగుతూ ఉంటే గుంపులో ఉన్న బార్బ్ కూడా ఒక కొరుకు కొరికి చూస్తుంది.

ఇక రెడ్ టెయిల్ షార్క్. పేరులోనే షార్క్, నిజానికి బొచ్చె, రోహు కుటుంబానికి చెందిన చేప. నల్లటి ఒళ్లు, ఎర్రటి తోక, చూడ్డానికి అందంగా ఉంటుంది కాబట్టి జంటగా కొంటారు. ఒంటరిగా ఉంటే పాపం అనుకుంటారు! అది కోరుకునేదే ఒంటరితనం. ట్యాంకుకి ఒకటే. రెండోది వేస్తే బలమైనది బలహీనమైనదాన్ని తిండి కూడా తిననివ్వకుండా తరిమి తరిమి చంపుతుంది. అంతేకాదు, దాని పోలికలున్న రెయిన్‌బో షార్క్‌ని కూడా ఓర్వదు.

ఈ పోలికల గోల నాకు చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత నికో టిన్‌బెర్గెన్ గురించి చదివాను, 1973లో నోబెల్ అందుకున్న ముగ్గురు జంతు ప్రవర్తన శాస్త్రవేత్తల్లో ఆయనొకరు. స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపల్లో గుడ్ల కాలంలో మగవాటి పొట్ట ఎర్రబడుతుంది, మరో ఎర్రపొట్ట కనిపిస్తే మీద పడతాయి. ఆయన చేప ఆకారమే లేని మొరటు బొమ్మలకి కింద ఎర్రరంగు వేసి చూపిస్తే వాటితోనూ పోట్లాడాయి. కిటికీ దగ్గర ట్యాంకుల్లో ఉన్నవైతే, బయట ఎర్రటి తపాలా బండి వెళ్తున్నా దాని వైపు దూసుకెళ్లేవట. తపాలా బండితో చేపకేం పగ? తనలాంటి గుర్తు కనబడింది, అంతే. అప్పటినుంచి నేను ట్యాంకులోకి చేపని ఎంచేటప్పుడు స్వభావం కంటే ముందు రంగు, ఆకారం చూస్తున్నాను. ఉన్నవాటికి పోలిక లేనిది, ఇంకో ఎత్తులో ఈదేది అయితే సగం తగువు తగ్గుతుంది.

మిగతా సగం గుడ్లు పెట్టినప్పుడు మొదలవుతుంది. కాన్విక్ట్ సిక్లిడ్ (ఆస్కార్, ఏంజెల్‌లదీ ఇదే సిక్లిడ్ల కుటుంబం) అరచేయంత కూడా ఉండదు, కానీ జంట కుదిరి గుడ్లు పెట్టాయంటే సగం ట్యాంకు వాళ్ల సొంత ఆస్తి. తమకి రెండింతలున్న చేపల్ని మూలకి నెట్టేస్తాయి. ఏడాదిపాటు సాధువులా ఉన్న చేప ఒక్క రాత్రిలో ఇలా మారేసరికి "పిచ్చి పట్టిందండీ" అని మెసేజీలు వస్తాయి. పిచ్చి కాదు, అమ్మానాన్నలయ్యాయి. అదే సిక్లిడ్ల కుటుంబంలో బాక్సింగ్ ఛాంపియన్ జాక్ డెంప్సీ పేరు పెట్టిన చేప కూడా ఉంది. పేరు విన్నాక కూడా దాన్ని గప్పీల మధ్య వేసేవాళ్లకి నేను చెప్పగలిగేదేమీ లేదు.

ఇంకో తెలివైన తప్పు ఉంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు నుంచి వచ్చే ఎంబూనా సిక్లిడ్లని కావాలనే ఒత్తుగా పెంచుతారు, ఒక్కో మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండేలా చూస్తారు. దెబ్బలన్నీ ఒకదాని మీదే పడకుండా పదిమందికీ పంచాలన్నది లెక్క. దానికి గట్టి ఫిల్టర్ కావాలి, క్షారగుణం ఎక్కువున్న నీళ్లు కావాలి, నిండా రాళ్లు, బొరియలు కావాలి. ఇవేవీ చదవకుండా "చేపలు ఎక్కువేస్తే కోపం తగ్గుతుందట" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఆస్కార్ ట్యాంకుని కిక్కిరిసేలా నింపేస్తున్నారు. ఆ ట్యాంకులో ముందు నీళ్లు పాడవుతాయి, తర్వాత చేపలు.

చైనీస్ ఆల్గే ఈటర్ అనే చేప గురించి రెండు మాటలు. చిన్నప్పుడు పాచి తింటుంది. పెద్దయ్యాక ఏంజెల్ లాంటి వెడల్పు చేపలకి రాత్రిపూట అతుక్కుని ఒంటి మీది జిగురు పొర చప్పరిస్తుంది. పేరు చూసి పనిలో పెట్టుకోకండి.

నాకు అసలు కోపం తెప్పించేది "కొట్టుకోవట్లేదు కదా" అనే జవాబు. రక్తం కనబడాల్సిన పనిలేదు. ఒక చేప ఎప్పుడూ హీటర్ వెనకో నీటి పైభాగంలో ఓ మూలో నిలబడి, రెక్కలు ముడుచుకుని, తిండి వేసినప్పుడు కూడా రాకపోతే అది ఓడిపోయిందని అర్థం. ఇలా టెన్షన్‌లో బతికే చేపకి రోగం త్వరగా అంటుకుంటుంది. అది చచ్చాక మనం నీళ్లని తిడతాం, మందు పోస్తాం, ఆ ఖాళీలో ఇంకో చేపని తెచ్చి అదే రౌడీకి అప్పగిస్తాం.

కొత్త చేపని వేసేటప్పుడు నేను రాళ్లు, మొక్కలు అటూ ఇటూ మార్చి లైటు ఆపేస్తాను. హద్దులన్నీ చెరిగిపోయి పాతవాళ్లు కూడా కొత్తవాళ్లవుతారు. కోపిష్టి చేపని అన్నిటికంటే చివర వేస్తాను. దేన్నయినా విడిగా ఉంచాల్సొస్తే వేరే ట్యాంకు సిద్ధంగా ఉంటుంది. ఆ రెండో ట్యాంకుకి చోటు లేదనుకునేవాళ్లు సిక్లిడ్ల జోలికి వెళ్లకపోతేనే మంచిది. ఇది కొందరికి కటువుగా అనిపిస్తుందని తెలుసు.

ఇంత చెప్పాను కదా, నా ట్యాంకులో ఇప్పుడు ఏంజెల్ జంటతో కాంగో టెట్రాలు ఆరు ఉన్నాయి. నోట్లో పట్టవు, పోలిక లేదు, అన్నీ లెక్క చూసే వేశాను. మొన్న రాత్రి ఏంజెల్స్ ఫిల్టర్ పైపు మీద గుడ్లు పెట్టాయి. పొద్దున చూస్తే ఆరు టెట్రాలూ ఒక మూలన వరసగా నిలబడి ఉన్నాయి. మధ్యలో అడ్డుపలక దించి, ఈ పోస్ట్ రాయడానికి కూర్చున్నాను.