కాలు తీస్తే ప్యాకేజీ, కాలు కాపాడితే ఓపీ చీటీ

షుగర్ ఉన్నవాళ్ల పాదాలు చూసే క్లినిక్ లాభంలో నడవాలి. వైద్యం గురించి ఇలా మాట్లాడితే చాలామందికి నచ్చదు. అయినా చెప్పక తప్పదు. నష్టంలో నడిచే క్లినిక్ రెండు మూడేళ్లకు తలుపులు మూసుకుంటుంది. మూసుకోకపోతే ఆపరేషన్ల మీద బతకడం అలవాటు చేసుకుంటుంది. ఎలా చూసినా పోయేది పేషెంటు కాలే.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. ఆ అంకె అందరూ విన్నదే. ఇన్ని కోట్ల మంది పాదాలు చూడటానికి మన దగ్గర ప్రత్యేకమైన వృత్తి అంటూ స్థిరపడలేదు. అమెరికాలో పోడియాట్రీకి, అంటే పాదాల వైద్యానికి, విడిగా కాలేజీలు, నాలుగేళ్ల డాక్టర్ డిగ్రీ ఉన్నాయి. ఇక్కడ ఆసక్తి ఉన్న సర్జనో, షుగర్ డాక్టరో సొంతంగా నేర్చుకుని క్లినిక్ పెట్టాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోవచ్చు. అందుకే ఆ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో చెప్పు దారిలో ఎక్కడ జారిపోయిందో తెలియకుండా ఇంటికి చేరిన మనిషి ఉంటాడు. మే నెల ఎండలో గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసి, అరికాలు బొబ్బలెక్కిన సంగతి సాయంత్రం మనవరాలు చూసి చెబితే తప్ప తెలియని పెద్దావిడ ఉంటుంది.

అసలు ఆ క్లినిక్‌లో జరిగే పనేమిటో దగ్గరగా చూడాలి. అరికాలిలో బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత ఆనె. డాక్టరు సర్జికల్ బ్లేడుతో దాన్ని పలుచగా, పొర మీద పొరగా చెక్కుతాడు. స్పర్శ లేని కాలు కాబట్టి మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు, పేషెంటు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. నాలుగైదు పొరలు లేచాక లోపల ముదురు ఎరుపు మచ్చ కనిపిస్తుంది. చర్మం కింద రక్తం చిమ్మిన గుర్తు అది, రేపటి పుండు. ఇవాళ ఆ ఆనె తీసి, చెప్పులో సరిగ్గా అక్కడ ఒత్తిడి పడకుండా గుంట చేయిస్తే ఆ పుండు రాకుండా ఆపొచ్చు. పట్టే టైము అరగంట. వాడిన సామాను ఒక బ్లేడు, కాస్త దూది, స్పిరిట్. అంత చిన్న పనికి డబ్బులేమిటని పేషెంటు అనుకుంటాడు. డాక్టరు కూడా అలాగే అనుకుని మొహమాటపడతాడు. క్లినిక్ మునిగేది ఇక్కడే.

లెక్క వేద్దాం. జిల్లా కేంద్రంలో ఒక మామూలు క్లినిక్ అనుకోండి. అద్దె 25 వేలు, నర్సు, అసిస్టెంటు జీతాలు కలిపి 40 వేలు, కట్ల సామాను, ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం), కరెంటు 20 వేలు, పరికరాల అప్పు కిస్తీ 25 వేలు. నెలకు 1,10,000. నెలలో 25 రోజులు, రోజుకు 6 గంటలు కుర్చీ నిండినా గంటకు 730 రూపాయల పైన ఖర్చు. ఇందులో డాక్టరు సంపాదన రూపాయి కూడా లేదు. అంటే అరగంట ఆనె పనికి సుమారు 370 రూపాయలు క్లినిక్ జేబులోంచి పోతున్నాయి. 300 రూపాయల కన్సల్టేషన్‌లోనే ఆ పనీ కలిపేస్తే పేషెంటు వచ్చిన ప్రతిసారీ నష్టమే. కుర్చీ రోజంతా నిండినా నష్టం తప్పని వ్యాపారం ఇది. షుగర్ మందులు రాసే డాక్టరు అదే అరగంటలో ఐదుగురిని చూస్తాడు. పాదాల డాక్టరు అతని ఫీజునే తన ఫీజుగా పెట్టుకోవడం మొదటి తప్పు. ఇక్కడ అమ్ముడయ్యేది టైము. ఫీజు కూడా టైముకే ఉండాలి, రేటు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.

క్లినిక్ నిలబడటానికి దారి పాదాల జబ్బు స్వభావంలోనే ఉంది. పుండు మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్లీ వస్తుంది. అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందెప్పుడైనా పుండు వచ్చినవాళ్లను, వేలు తీసేసినవాళ్లను ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడమంటాయి. స్పర్శ మాత్రమే తగ్గినవాళ్లకు ఆరు నెలలు, ఏడాది మధ్యలో ఒకసారి చాలు. రెండు నెలలకోసారి వచ్చే పేషెంటుకు ఏడాదికి ఆరు అరగంటలు, అంటే క్లినిక్‌కు సుమారు 2,200 రూపాయల ఖర్చు. ఏడాదికి 5,000 అని ఒకే ఫీజు పెట్టినా పేషెంటుకు రోజుకు 14 రూపాయల లోపే పడుతుంది. డాక్టరుకు ఆదాయం స్థిరంగా ఉంటుంది. పేషెంటు డబ్బు కట్టాడు కాబట్టి తప్పకుండా వస్తాడు.

రెండో ఆధారం చెప్పులు. ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చేసే చెప్పులు మన దేశంలో మొదట కుష్ఠు రోగుల కోసం వాడినవి. స్పర్శ పోయిన పాదానికి పుండు పడేది ఒత్తిడి వల్లేనని వెల్లూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. ఆ జ్ఞానమే తర్వాత షుగర్ పాదాలకు పనికొచ్చింది. కానీ ఆ చెప్పులు వేసుకుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారోనని మనవాళ్లు బీరువా కింద దాచేస్తారు. చెప్పులు కుట్టడం తెలిసిన పనివాణ్ని క్లినిక్‌లోనే కూర్చోబెట్టి, పెళ్లికి వేసుకెళ్లగలిగేంత బాగా కుట్టిస్తే పేషెంటు వేసుకుంటాడు, ఆ పనివాడికి గౌరవంగా బతుకుతెరువు దొరుకుతుంది. లోపలి మెత్త వాడకంలో నొక్కుకుపోతుంది కాబట్టి మార్చుకోవడానికి మళ్లీ రావాల్సిందే. ఇందులో మోసం లేదు, దాపరికం లేదు.

సొంత పనికి డబ్బు తీసుకోని డాక్టరుకు మిగిలే దారులు మంచివి కావు. స్కానింగ్ సెంటర్ నుంచి కమీషన్, రక్తనాళాల ఆపరేషన్‌కు పంపినందుకు కవరు, అవసరం లేనిచోట ఖరీదైన కట్లు. రిఫరల్‌కు కమీషన్ తీసుకోవడాన్ని 2002 నాటి వైద్య నైతిక నియమావళే నిషేధించింది. అయినా ఆగలేదంటే దాని వెనక ఈ చిల్లర లెక్క ఉంది.

పేదవాడు కట్టు మార్చుకోవడానికి కూడా డబ్బు పెట్టాలా, ఇది ప్రభుత్వం ఉచితంగా చేయాల్సిన పని కదా అనేవాళ్లున్నారు. పేదవాడు పెట్టలేడన్నది నిజం. అయితే ఉచితం అన్న మాటకు మన దగ్గర మిగిలిన రూపం ఏడాదికోసారి మెడికల్ క్యాంపు. ఆదివారం స్కూల్లో టెంటు వేస్తారు, మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుతో గుచ్చి స్పర్శ లేదని చెబుతారు, ఫొటో దిగి పంపేస్తారు. రెండో నెల ఆ ఆనె ఎవరు తీస్తారు? డబ్బు ఎవరో ఒకరు కట్టాలి. పేషెంటు కట్టలేకపోతే ప్రభుత్వం కట్టాలి. డాక్టరును కట్టమంటే క్లినిక్ ఉండదు.

ఇక ప్రభుత్వం సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. 2023 డిసెంబరులో దాని పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. కానీ డబ్బు కదిలే దారి ప్రధానంగా పాతదే. పేషెంటు మంచం మీద చేరాలి, ఆపరేషన్ జరగాలి, అప్పుడు బిల్లు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ కూడా అంతే. మోకాలి కింద కాలు తీసేస్తే ఆస్పత్రికి ప్యాకేజీ వస్తుంది. ఆ కాలు పోకుండా ఏడాదంతా కుర్చీలో కూర్చోబెట్టి చూసినవాడికి ఏమీ రాదు. గుండెకైనా, కిడ్నీకైనా మన వ్యవస్థది ఇదే వరస. బీపీ అదుపులో పెట్టినవాడికి ఓపీ చీటీ డబ్బులు, డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ ట్రస్టు డబ్బులు.

అమెరికాలో అరిజోనా రాష్ట్రం 2010లో పొదుపు పేరుతో పేదల పథకం మెడికెయిడ్ నుంచి పెద్దవాళ్లకు పోడియాట్రీ సేవలు తీసేసింది. ఆదా అవుతుందనుకున్న ప్రతి డాలరుకూ ఆస్పత్రి ఖర్చు 44 డాలర్లు పెరిగిందని 2014లో పరిశోధకులు లెక్కగట్టారు. అదే దేశంలో వృద్ధుల పథకం మెడికేర్ అర్హులైన షుగర్ పేషెంట్లకు ఏటా ఒక జత ప్రత్యేక బూట్లు, మూడు జతల లోపలి మెత్తల ఖర్చులో ఎక్కువ భాగం భరిస్తుంది.

మన రెండు రాష్ట్రాల ట్రస్టులు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్రమాదం ఎక్కువగా ఉన్న పాదానికి ఏడాది ప్యాకేజీ ఒకటి పెట్టాలి. ఆరుసార్లు చూపించుకోవడం, ఆనెలు, గోళ్లు తీయడం, రెండు జతల చెప్పులు అందులో ఉండాలి. వచ్చిన ప్రతిసారికీ క్లినిక్‌కు డబ్బు పడాలి. ఎవరితో మొదలుపెట్టాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. ఈ పథకాల కింద ఇప్పటికే వేలు తీయించుకున్నవాళ్ల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు ట్రస్టు రికార్డుల్లోనే ఉన్నాయి.