రికార్డులో ప్రతి మాత్రా పాసే

మింగిన పారాసిటమాల్ మాత్ర కరగవలసిన తీరున కరుగుతుందో లేదో తేల్చడానికి, మందుల ప్రమాణాలను నిర్దేశించే అధికారిక గ్రంథమైన ఫార్మకోపియాలో ఒక పరీక్ష ఉంది. ఆరు గాజు పాత్రల్లో 900 మిల్లీలీటర్ల చొప్పున ద్రావణం పోసి, దాన్ని శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల వద్ద నిలిపి, ఒక్కో పాత్రలో ఒక్కో మాత్ర వేసి, నిమిషానికి 50 చుట్లు తిరిగే తెడ్డుతో కలియబెడుతూ, అరగంట తర్వాత ద్రావణంలోకి ఎంత మందు దిగిందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలవాలి. ఆరింటిలో ఒక్కటి హద్దుకు తగ్గినా మరో ఆరు మాత్రలు వేసి చూడాలి. అప్పటికీ తేలకపోతే ఇంకో పన్నెండు. మాత్ర తప్పవచ్చునన్న ఎరుకతోనే ఈ పరీక్షను రూపొందించారు. తప్పిన మాత్రను పట్టుకోవడమే దాని పని.

బీఫార్మసీ అయిదో సెమిస్టర్‌లో పారాసిటమాల్ మాత్రల తయారీ, వాటి నాణ్యత పరీక్ష పాఠ్యాంశాలు. తెలుగు రాష్ట్రాల్లోని అనేక కళాశాలల్లో ఈ ప్రాక్టికల్ ఎలా నడుస్తుందో అక్కడ చదివినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్యాచ్‌లో ఇరవై మంది ఉంటారు, పనిచేసే యంత్రం ఒకటే ఉంటుంది. చేసేది ఇద్దరు ముగ్గురు, తొంగిచూసేది మిగతావారు. నాలుగు గంటలు జరగవలసిన పని గంటన్నరలో ముగుస్తుంది. రికార్డు మాత్రం ఇరవై మందీ రాస్తారు, అదీ పోయినేటి సీనియర్ పుస్తకం ముందేసుకుని. గ్రాఫు గీత ఎక్కడ వంగాలో ముందే తెలుసు గనుక బిందువులు దానికి తగ్గట్టే పడతాయి. ఏ రికార్డు తిరగేసినా మాత్రలన్నీ పాసయ్యే ఉంటాయి. తప్పిన మాత్రను రాసిన రికార్డును మన కళాశాలల్లో వెతికి పట్టుకోవడం కష్టం. అలా రాసిన విద్యార్థి ఉంటే, మళ్లీ చేసి సరిగ్గా రాసుకురమ్మని వెనక్కి పంపే అధ్యాపకులే ఎక్కువ.

దీన్ని విద్యార్థుల బద్ధకంగా కొట్టిపారేయడం తేలిక. కానీ ఫార్మసీ చదువుకు సంబంధించినంతవరకు ఇది అంతకంటే పెద్ద విషయమని మేము భావిస్తున్నాం. చరిత్ర విద్యార్థి నోట్సు చూసి రాస్తే నష్టపోయేది అతనొక్కడే. జరగని పరీక్షకు అంకెలు వేసి, తేదీ రాసి, సంతకం చేయడం ఇరవై ఏళ్ల వయసులోనే అలవాటైన యువకుడు రేపు మందుల కర్మాగారంలోని నాణ్యత విభాగంలో కూర్చుంటాడు.

అక్కడ ఆ అలవాటుకు వేరే పేరుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ భారతీయ కంపెనీలకు ఏళ్ల తరబడి ఇస్తున్న హెచ్చరిక లేఖల్లో పదేపదే కనిపించే అభియోగం డేటా విశ్వసనీయత లోపం. ముందు గుట్టుగా ఒకసారి పరీక్షించి చూసుకుని, ఫలితం బాగుంటేనే అధికారికంగా నమోదు చేయడం, బాగోలేని ఫైళ్లను చెరిపేయడం, వెనక తేదీలతో సంతకాలు పెట్టడం, అసలు కొలతలున్న కాగితాలను చించి చెత్తబుట్టలో పడేయడం వంటివి తనిఖీ నివేదికలకు ఎక్కాయి. ఆ సంస్థ 2018 డిసెంబర్‌లో ఈ అంశంపైనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రకటించవలసి వచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాల్లోని యూనిట్లకూ ఇలాంటి లేఖలు అందాయి. లేఖ వచ్చిన ప్రతిసారీ కంపెనీలు కన్సల్టెంట్లను పిలిపించి ఉద్యోగులకు శిక్షణ తరగతులు పెడతాయి. ఆ తరగతుల్లో చెప్పే మొదటి పాఠం, చేసిన పనిని చేసిన క్షణంలోనే, చేసినవారే, ఉన్నదున్నట్టు రాయాలని. నాలుగేళ్లు చదివి పట్టా పుచ్చుకున్నవారికి కంపెనీ మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వస్తున్నది ఈ ఒక్క వాక్యమే అయితే, ఆ నాలుగేళ్లలో కళాశాల ఏం నేర్పినట్టు?

పాఠ్యప్రణాళికలోనూ తప్పుంది. నేటి ఔషధ పరిశ్రమలో నాణ్యత విభాగం నడిచేదే, ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో. ఏడో సెమిస్టర్‌లో యంత్రాలతో విశ్లేషణ అనే సబ్జెక్టు ఉన్నా, ఫార్మసీ కౌన్సిల్ రూపొందించిన ప్రాక్టికల్స్ జాబితాలో హెచ్‌పీఎల్‌సీ, పదార్థాలను ఆవిరిగా మార్చి విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీ రెండింటినీ అధ్యాపకులు చేసి చూపే ప్రదర్శన ప్రయోగాలుగానే పెట్టారు. విద్యార్థి చూస్తే చాలన్నమాట. ఆరో సెమిస్టర్ తర్వాత పరిశ్రమలోనో ఆస్పత్రిలోనో 150 గంటల శిక్షణ గురించి నిబంధనల్లో ప్రస్తావించారు గానీ, దాన్ని తప్పనిసరి చేయకుండా, ఉంటే మంచిదన్న కోవలో వదిలేశారు. ప్రాక్టికల్ పరీక్షకు ఉన్న 50 మార్కుల్లో 15 కళాశాల చేతిలోనే ఉంటాయి. మిగతా 35 మార్కుల పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చినా, ఆయన చూసేది ముగింపు అంకెను, అడిగేది వైవాలో నాలుగు ప్రశ్నలను. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పే చిత్తు కాగితాన్ని అడిగేవారు అరుదు.

ఇదంతా ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఈ మధ్యనే ఒక ఘోరం జరిగింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు ఇరవై మందికి పైగా కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల పరీక్షలో తేలింది. ఈ విషానికి అనుమతించే హద్దు 0.1 శాతం. అదే విషం 1937లో అమెరికాలో వందమందికి పైగా ప్రాణాలు తీసి, అక్కడి ఔషధ చట్టాన్నే మార్పించింది. 1986లో ముంబయిలోని ఒక ప్రభుత్వాస్పత్రిలో రోగులను బలిగొంది. 2022లో గాంబియాలో పసిపిల్లలను పొట్టన పెట్టుకున్న సిరప్‌లలోనూ దీన్నే గుర్తించారు. సిరప్‌కు వాడే ద్రావకం పీపా గోదాములోకి రాగానే గ్యాస్ క్రొమటోగ్రఫీతో పరీక్షిస్తే దొరికిపోయే విషమిది. మధ్యప్రదేశ్ విషాదంలో ఎవరి పాపం ఎంతో దర్యాప్తులు, న్యాయస్థానాలు తేలుస్తాయి. ఆ పరీక్షను మన విద్యార్థి కళాశాలలో ఒకసారైనా తన చేత్తో చేయకుండానే పట్టా తీసుకోగలడన్నది మాత్రం ఏ దర్యాప్తూ అక్కర్లేకుండానే తెలుస్తున్న సంగతి.

ఈ దుస్థితికి మూలం కళాశాలల సంఖ్యలో కొంత ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ఫార్మసీ చదువు మొదలైనప్పుడు, 1974లో వరంగల్‌లో ఆ విభాగం ఏర్పడినప్పుడు సీట్లు కొద్దిగా, ల్యాబ్ నిండుగా ఉండేవి. బోధన రుసుముల చెల్లింపు పథకం 2008 నుంచి విస్తరించాక ఊరి పొలిమేరల్లో కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి. కొత్త కళాశాలలకు అనుమతి ఇవ్వరాదని ఫార్మసీ కౌన్సిల్ 2019లో అయిదేళ్ల విరామం ప్రకటించినా, వృత్తి స్వేచ్ఛపై ఆంక్షను ఒక పాలనాపరమైన తీర్మానంతో విధించడం చెల్లదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్‌లో తీర్పు చెప్పింది. న్యాయపరంగా ఆ తీర్పును తప్పుపట్టలేం. చట్టబద్ధమైన మార్గంలో చేయవలసిన పనిని సర్క్యులర్‌తో ముగించాలనుకోవడం కౌన్సిల్ స్వయంకృతం. ఆ తర్వాత మళ్లీ అనుమతుల జాతర మొదలైంది. తనిఖీ బృందం వచ్చే రోజున బీరువాలోని యంత్రాలు బల్లల మీదికి రావడం, ఏడాదంతా కనిపించని అధ్యాపకులు హాజరుపట్టీలో ప్రత్యక్షం కావడం ఈ రంగంలో అందరికీ తెలిసిన బహిరంగ రహస్యమే. కళాశాలే తనిఖీదారుకు లేనిది ఉన్నట్టు చూపుతుంటే, విద్యార్థి రికార్డులో చేయనిది చేసినట్టు రాయడాన్ని ఎవరు ఏ ముఖంతో తప్పుపడతారు?

యాజమాన్యాల వాదనలోనూ కొంత నిజముంది. ప్రభుత్వాలు చెల్లించవలసిన రుసుముల బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతున్నాయి. ఒక హెచ్‌పీఎల్‌సీ యంత్రం కొనడానికి లక్షలు కావాలి, దాని కాలమ్‌లకు, ద్రావకాలకు, మరమ్మతులకు ప్రతి సంవత్సరమూ డబ్బు కావాలి. జీతాలే సకాలంలో ఇవ్వలేని కళాశాల అసిటోనైట్రైల్ ద్రావకం సీసాలు ఎక్కడి నుంచి తెస్తుంది? బకాయిలు చెల్లించని ప్రభుత్వానికి ల్యాబ్ నాణ్యత గురించి గట్టిగా అడిగే నైతిక హక్కు తగ్గిపోతుంది. ఈ మాట అమరావతికీ హైదరాబాద్‌కూ సమానంగా వర్తిస్తుంది.

అసలు పని ఉద్యోగంలో చేరాక పరిశ్రమే నేర్పుతుందనే రెండో వాదన మాత్రం కాలం చెల్లినది. హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు ఆ చరిత్ర ఉన్నమాట వాస్తవం. బాలానగర్‌లోని ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ ఒక తరం రసాయన శాస్త్రవేత్తలకు పాఠశాలగా పనిచేసింది. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసి వచ్చినవారే. అయితే ఐడీపీఎల్‌లో కొత్తగా చేరినవారికి తప్పులు చేసి నేర్చుకునే వెసులుబాటు ఉండేది. నేటి ప్లాంటులో ప్రతి అడుగుకూ రాతపూర్వక విధానం, ప్రతి బ్యాచ్‌కూ గడువు ఉంటాయి. చేరిన మూడో నెలలోనే కొత్త ఉద్యోగి సంతకం ఎగుమతి కాగితాల మీద పడవచ్చు. పైగా ఉత్పత్తి ప్రమాణాలకు సంబంధించిన షెడ్యూల్-ఎంను కేంద్రం 2023 డిసెంబర్‌లో సవరించి, చిన్న పరిశ్రమలకూ కట్టుదిట్టం చేసింది. సొంతంగా శిక్షణ ఇచ్చుకునే స్తోమత లేనివి ఆ చిన్న పరిశ్రమలే.

ఫార్మ్-డి సంగతి వేరుగా చర్చించదగినది. ఆరేళ్ల ఆ కోర్సు 2008లో మొదలైంది. 2003 నుంచి పట్టా పొందిన విదేశీ ఫార్మసిస్టులకు అయిదేళ్ల చదువు ఉండాలని అమెరికా పెట్టిన నిబంధన మన తల్లిదండ్రులను దానివైపు నడిపించిన కారణాల్లో ఒకటి. రోగి మంచం దగ్గర నిలబడి మందుల మధ్య పొసగని జోడీలను పట్టుకోవలసిన ఆ విద్యార్థులకు ప్రభుత్వాస్పత్రుల్లో తగినన్ని పోస్టులు లేవు, వారి కేస్ షీట్లకూ రికార్డులకు పట్టిన తెగులే పట్టింది. ఇక్కడికి ఇంతే చెప్పి ఊరుకుంటున్నాం.

కౌన్సిల్ చేయవలసినవి రెండున్నాయి. ప్రదర్శనగా ఉన్న రెండు ప్రయోగాలను విద్యార్థి స్వయంగా చేసేవిగా మార్చాలి, ఉంటే మంచిదన్న 150 గంటల శిక్షణను తప్పనిసరి చేయాలి. అన్ని కళాశాలలకూ ఖరీదైన యంత్రాలు సాధ్యం కాకపోతే, జిల్లాకు ఒక ఉమ్మడి ప్రయోగశాల ఏర్పాటు చేసి, వంతులవారీగా విద్యార్థులను అక్కడికి పంపవచ్చు. ఐడీపీఎల్ ప్రాంగణంలోనే 2007 నుంచి నడుస్తున్న జాతీయ ఔషధ విద్యా, పరిశోధన సంస్థ నైపర్‌ను, విశ్వవిద్యాలయ కళాశాలలను, సామాజిక బాధ్యత పద్దు కింద ఏటా ఖర్చు చూపవలసిన పెద్ద కంపెనీలను ఇందులో భాగస్వాములను చేయడానికి ప్రభుత్వాలు చొరవ చూపాలి.

అయితే నిబంధనల సవరణ కోసం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేని పని ఒకటి విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉంది. ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చే మాత్రలను కళాశాలే దుకాణంలో కొని పెట్టే పద్ధతి మాని, జేఎన్టీయూలు, ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, నాగార్జున విశ్వవిద్యాలయాలే కోడ్ నంబర్లు వేసిన నమూనాలను పంపాలి. వాటిలో కొన్ని కావాలనే తప్పే మాత్రలై ఉండాలి: గట్టిగా అదిమి కరగకుండా చేసినవి, మందు శాతం తగ్గించినవి. ఏ కోడ్ ఏదో కళాశాలకు గానీ ఎగ్జామినర్‌కు గానీ ముందుగా తెలియకూడదు. ఆ మాత్ర తప్పిందని కొలతలతో సహా రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయాలి, దాన్ని పాస్ చేసి చూపిన విద్యార్థికి సున్నా వేయాలి. కొట్టివేతలు, మరకలు, యంత్రం ఇచ్చిన ప్రింటు ఉన్న చిత్తు ప్రతిని జవాబు పత్రానికి జతచేయాలి, రంగుల అట్ట వేసిన రికార్డుకు మార్కులు తీసేయాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. వచ్చే సెమిస్టర్ పరీక్షల షెడ్యూల్ ఇంకా ఖరారు కాని విశ్వవిద్యాలయాలు ఆ సెమిస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు.