పులిపిరికి వణికిపోతాం, రక్తపు మరకను వదిలేస్తాం

స్నానం చేస్తుంటే జననాంగాల దగ్గర చేతికి చిన్న పులిపిరి తగులుతుంది. ఆ రాత్రంతా నిద్ర పట్టదు. అదే మనిషికి అంతకు ముందే రెండు మూడుసార్లు కలయిక తర్వాత రక్తపు మరక కనిపించి ఉంటుంది. ‘నెలసరి తేడా చేసిందేమో’ అనుకుని బట్ట ఉతికేసి ఊరుకుని ఉంటుంది. భయపడాల్సింది ఒకటైతే మనం భయపడుతున్నది ఇంకొకటి.

ఈ పులిపిర్లకు కారణమైన హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) ఒకే ఒక్క వైరస్ కాదు, 200కు పైగా రకాలున్న కుటుంబం. జననాంగాల దగ్గర లేచే పులిపిర్లలో దాదాపు 90 శాతం 6, 11 రకాల వల్లే వస్తాయి. సాధారణంగా ఇవి క్యాన్సర్‌కు దారితీయవు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమైన 16, 18 రకాలేమో పైకి ఏ ఆనవాలూ చూపించవు. దురద ఉండదు, నొప్పి ఉండదు, చేతికి ఏమీ తగలదు. హెచ్‌పీవీకీ ఈ క్యాన్సర్‌కూ ఉన్న ముడిని బయటపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది. పులిపిరి ఉంది కాబట్టి క్యాన్సర్ వచ్చేస్తుందనుకోవడం ఎంత తప్పో, పులిపిర్లు లేవు కాబట్టి నాకేం ఫర్వాలేదనుకోవడమూ అంతే తప్పు.

పులిపిరి బయటపడగానే ఇంట్లో మొదట లేచే ప్రశ్న ‘ఎవరి నుంచి అంటుకుంది?’ అని. వైద్యం దీనికి జవాబు చెప్పలేదు. వైరస్ సోకిన కొన్ని వారాలకు పులిపిరి రావచ్చు, నెలలకు రావచ్చు, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చు. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది. చాలామందిలో రెండేళ్లలోపే శరీరం దాన్ని తనంతట తానే వదిలించుకుంటుంది. అలాంటప్పుడు ఇవాళ కనిపించిన పులిపిరిని పట్టుకుని ఒక మనిషి నడవడికను నిలదీయడం అన్యాయం. పులిపిర్లకు పూత మందులున్నాయి, గడ్డకట్టించి తీసే పద్ధతులున్నాయి. చేతి పులిపిర్లకు వాడే మందును మాత్రం అక్కడ రాయకూడదు, చర్మం కాలిపోతుంది.

రక్తస్రావం సంగతి వేరు. పులిపిరి ఒరుసుకుపోతే కాస్త రక్తం రావచ్చు కానీ, అకారణంగా కనిపించే రక్తానికి అదే కారణమని ఇంట్లో కూర్చుని తేల్చేసుకోవడం ప్రమాదం. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో గడ్డలు), పాలిప్‌లు (చిన్న కండ పెరుగుదలలు), థైరాయిడ్, ముఖద్వారం దగ్గర ఇన్ఫెక్షన్ ఇలా కారణాలు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం నయమయ్యేవే. కాకపోతే కలయిక తర్వాత వచ్చే రక్తాన్నీ, రెండు నెలసరుల మధ్య వచ్చేదాన్నీ డాక్టరుకు చూపించి తీరాలి. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఆగకూడదు. అలా కనిపించిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్ బయటపడుతోంది. ఆ క్యాన్సర్‌కు హెచ్‌పీవీతో సంబంధం లేదు. హెచ్‌పీవీ పరీక్షలో ఏమీ లేదని వచ్చినా ఆ రక్తానికి జవాబు దొరికినట్టు కాదు.

చదువుకున్నవాళ్లూ ఇక్కడే పొరపాటు పడుతున్నారు. ‘పోయినేడే పాప్ స్మియర్ చేయించాను, బాగానే ఉంది’ అంటారు. ముఖద్వారం దగ్గరి కణాలను తీసి చూసే ఆ పరీక్ష ఏ లక్షణమూ లేనివాళ్ల కోసం పెట్టింది. రక్తం కనిపిస్తున్న మనిషికి పాత రిపోర్టు సరిపోదు, ముఖద్వారాన్ని కళ్లతో చూడాలి. చూడకుండానే హార్మోన్ మాత్రలు రాసి పంపేసే డాక్టర్ల మీద నాకు కోపమే. అవసరమైతే పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్న చోట పొర తెల్లబడుతుంది. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. వైరస్ శరీరంలో పాతుకుపోయాక కూడా ముఖద్వార క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ముందే పట్టుకోవడానికి ఇంత వ్యవధి ఇచ్చే జబ్బుతో 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.5 లక్షల మంది స్త్రీలు చనిపోయారంటే మనసు ఒప్పుకోదు.

2006 నుంచి హెచ్‌పీవీ టీకా అందుబాటులో ఉంది. అది రాబోయే ఇన్ఫెక్షన్‌ను ఆపుతుందే తప్ప ఉన్నదాన్ని తగ్గించదు. వేయించుకున్నవాళ్లకూ పరీక్షలు తప్పవు.

డాక్టరు ఎదుట కూర్చున్నాక చాలామంది ‘కొంచెం తేడాగా ఉందండీ’ అని ఆగిపోతారు. ఆ మాటతో ఎవరికీ ఏమీ అర్థం కాదు. తేదీలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి, ‘కలయిక తర్వాత రక్తం కనిపిస్తోంది, మూడు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది, లోపల చూసి చెప్పండి’ అని సూటిగా అడగండి.