ఫ్లెక్సీ కింద కుండ

వేసవిలో ఆరుబయట పండగ చేసుకునేవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తల్లో మొదటిది, చలివేంద్రం ప్రారంభోత్సవానికి వెళ్ళకపోవడం. ఎండదెబ్బ తగిలితే నీడకు చేర్చి నీళ్ళు చల్లొచ్చు. ప్రారంభోత్సవం తగిలితే ఏం చేయాలో ఏ డాక్టరూ చెప్పలేదు.

మాది తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ గుడికి నాలుగు సందుల అవతల. మే నెలలో, జాతర చాటింపుకు సరిగ్గా వారం ముందు, మా వీధి మొగలో ఒక చలివేంద్రం వెలిసింది. వెలిసింది అనే మాట కావాలనే వాడాను. దర్శనం కొద్ది గంటలే.

ముందు కొలతలు చెప్పాలి. ఫ్లెక్సీ పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. అందులో ముఖాలు 23. రెండుసార్లు లెక్కపెట్టాను. నడిమధ్యన మా వార్డు పెద్దాయన, రెండు చేతులూ జోడించి, దాహం అంటే ఏంటో ఎరగని నవ్వు నవ్వుతున్నారు. ఒక మూలన బొటనవేలంత కుండ బొమ్మ. దాని కింద, అంటే అసలు భూమ్మీద, కొబ్బరాకుల పందిరి, ఇసకలో మూడు మట్టికుండలు, గొలుసుతో కట్టేసిన ఒక స్టీలు గ్లాసు. గ్లాసుకు గొలుసెందుకంటే జనం ఎత్తుకుపోతారట. దొంగల సంగతి వాళ్ళకు తెలిసినంత మనకు తెలీదు కాబట్టి వాదించను.

ప్రారంభం పది గంటలకన్నారు. పొదుపు సంఘాల అక్కలను తొమ్మిదిన్నరకే తెచ్చి నిలబెట్టారు. షామియానా వేశారు, కాదనను. అది కుర్చీల కోసం. కుర్చీలు రావాల్సినవాళ్ళ కోసం. వచ్చేసినవాళ్ళకు ఎండ.

"పెద్దాయన ఎక్కడప్పా?" అని పదకొండింటికి అడిగాను.

"బయల్దేరినారు సామీ, దోవలో ఉండారు" అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు.

పెద్దాయన ఇల్లు అక్కడికి నాలుగొందల అడుగులు. పన్నెండైనా ఆయన దోవలోనే ఉన్నారు. తర్వాత తెలిసింది, జిల్లా నుంచి ఇంకా పెద్ద నాయకుడు వస్తున్నాడని, ఆయన కారు కనిపిస్తేనే ఈయన గడప దాటుతారని. గంగమ్మ కథ తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కున్నాడు. ఆమె రోజుకొక వేషం వేసి వీధి వీధీ వెతికింది. బైరాగి వేషానికి వాడు రాలేదు, బండ వేషానికి రాలేదు, తోటి వేషానికి రాలేదు. దొర వేషంలో వస్తే మాత్రం మర్యాద చేయడానికి పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు, చచ్చాడు. మా ఊళ్ళో కొళాయి రాలేదని ఎంతమంది వెళ్ళి తలుపు కొట్టినా రానివాళ్ళు, దొర వస్తే ఇప్పటికీ వస్తారు. చావడం ఒక్కటే మానేశారు.

పన్నెండున్నరకు ఇద్దరూ వచ్చారు. రిబ్బన్ ఉంది, కత్తెర లేదు. మే నెలలో ఎండలు మండిపోయే అగ్నినక్షత్రం రోజుల్ని, తమిళనాడు పక్కనే కాబట్టి, మేము కూడా కత్తిరి అనే అంటాం. నడి కత్తిరిలో యాభై మంది కత్తెర కోసం పది నిమిషాలు నిలబడ్డాం. చివరికి టైలరు దగ్గర తెచ్చారు. కట్ చేశారు. ఫొటోగ్రాఫరు కళ్ళు మూసుకున్నారన్నాడు. రిబ్బన్ ముడేసి మళ్ళీ కట్ చేశారు. పెద్దాయన కుండలో నీళ్ళు ముంచి దొరగారికి అందించారు. ఆయన గ్లాసును పెదవి దాకా తీసుకెళ్ళి, ఫ్లాష్ వెలిగేదాకా అక్కడే ఆపి, కింద పారబోశారు. వెంటనే కారులోంచి చెమటలు పట్టిన చల్లటి సీసా వచ్చింది. అది తాగారు.

ఓఆర్ఎస్ కూడా పంచారు. పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలని దానిమీదే రాసుంటుంది. వీళ్ళు ఇరవై లీటర్ల బకెట్లో రెండు ప్యాకెట్లు చింపి, చెయ్యి పెట్టి తిప్పారు. లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినా ఇంతకంటే నయం. జాతరకు మా అవ్వలు కాచే రాగి అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి రిబ్బన్ కట్టరు కదా, అందుకని లెక్కలోకి రాదు.

తర్వాత దొరగారు మైకు అందుకున్నారు. "పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎవరూ బయటికి రాకండి. ముసలివాళ్ళు, పిల్లలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మరీ జాగ్రత్త."

అప్పుడు టైం పన్నెండు నలభై. పొదుపు సంఘం అక్కల్లో ఒకామెకు ఏడో నెల. ఆమె చప్పట్లు కొట్టింది.

సాయంత్రానికి షామియానా పోయింది. మర్నాటికి కుండల్లో నీళ్ళు పోయాయి. మూడోనాడు తడి ఇసక కోసం కుక్క ఒకటి వచ్చి పడుకుంది. నాలుగోనాడు ఇసక ఆరిపోయిందని అదీ వెళ్ళిపోయింది. గ్లాసు మాత్రం భద్రంగా ఉంది, గొలుసుతో సహా.

నేను అప్పుడే రాయొచ్చు. జాతరలో అమ్మవారు వేసిన ఆ వేషాలే జనమూ రోజుకొకటి వేస్తారు. బండ వేషం రోజు దాకా ఆగాను. ఆ రోజు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని అమ్మవారినే బండ బూతులు తిడతారు, తప్పు లేదు. అమ్మవారికే దిక్కు లేనప్పుడు వార్డు పెద్దాయన ఎంత?

కానీ ఆ రోజు మధ్యాహ్నం తిట్టడానికి నోరు రాలేదు. ఆ చలివేంద్రం ముందే ఒక డప్పు కొట్టే ఆయన పడిపోయాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు, పిలిస్తే ఏవేవో మాటలు. అది వడదెబ్బ. చుట్టూ చేరినవాళ్ళు చేతిలో తాళాలు పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, ఒకడు నోట్లో సోడా పోయబోయాడు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయిరా అని అరిచాను. నీడకు లాగాలి, బట్టలు వదులు చేయాలి, ఒళ్ళంతా తడిపి విసరాలి, 108కి ఫోన్ చేయాలి. తడపడానికి నీళ్ళేవీ? కుండ దగ్గరికి పరిగెత్తాను. మూడు కుండలు. మూడింట్లోనూ చెయ్యి పెట్టి చూశాను.

పూలమ్మే ఆమె వచ్చింది. పూల మీద చల్లుకునే బకెట్ నీళ్ళు, పూల మీద కప్పే తడి గోనెసంచి, రెండూ ఆయన మీద వేసేసింది. ఆమె దగ్గర అంతకు మించి నీళ్ళు లేవు. ఆయన బతికాడు. మల్లెపూలు ఆ సాయంత్రానికి వాడిపోయాయి.

2015 వేసవిలో దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. ఎండలో పని చేస్తే గానీ పూట గడవనివాళ్ళను బయటికి రావద్దంటారేంటయ్యా? డప్పు ఇంట్లో కూర్చుని కొడతారా? కొండ మీద మాడవీధుల్లో భక్తుల కాళ్ళు కాలకుండా నేలకు తెల్లరంగు పూస్తారు. ఎండకు ఏం చేయాలో ఈ ఊరికి తెలియక కాదు. మూడు కుండలు, రోజుకు రెండుసార్లు నింపే ఒక మనిషి. ఫ్లెక్సీ ఖర్చులో సగం కాదు. సిగ్గుండాలి!

జాతర అయిపోయింది. నిన్న అటు వెళ్తే పందిరి బోడిగా కనిపించింది. ఫ్లెక్సీని పూలామె విప్పుకుని తన బండి మీద నీడకు కట్టుకుంది. బొమ్మలు పైకి, తెల్లవైపు కిందికి.

"అట్ల కట్టినావేం అక్కా?" అన్నాను.

"కిందికుంటే పొద్దస్తమానం నన్నే చూస్తా ఉంటారు సామీ" అంది.

23 మందీ ఇప్పుడు ఎండలో ఉన్నారు.