‘రేపు రండి’ అంటే సరిపోదు

కాకుమాను నుంచి తొలి బస్సెక్కి గుంటూరు వచ్చిన రైతు కూలీకి ప్రభుత్వ కార్యాలయం కౌంటర్ దగ్గర ‘రేపు రండి’ అనే రెండు మాటలు వినిపిస్తే ఏం పోతుందో లెక్క వేయండి. ఆ రోజు కూలి, రానూపోనూ చార్జీలు పోతాయి. మర్నాడు మళ్లీ తోడు రమ్మని ఎవరినో బతిమాలుకోవాలి. లోపల సర్వర్ పనిచేయక పోయుండొచ్చు, సంతకం చేయాల్సిన అధికారి మీటింగ్‌లో ఉండొచ్చు. ఆ ముక్క చెబితే మనిషి అర్థం చేసుకుంటాడు. చెప్పకపోతే లంచం కోసమే తిప్పుతున్నారని అనుకుంటాడు.

ప్రభుత్వ సిబ్బందికి ప్రజలతో మాట్లాడే తీరు మీద శిక్షణ అంటే నవ్వుతూ నమస్కారం పెట్టడం నేర్పడమే అనుకుంటున్నారు. మర్యాద కావాలి, సందేహం లేదు. వయసు మళ్లినవారిని ‘ఏంటి’ అని కాక ‘చెప్పండి’ అని పలకరించాలి. మేము అడిగేది అక్కడితో ఆగదు. ఏ కాగితం తక్కువైంది, అది ఎక్కడ ఇస్తారు, ఎప్పుడు రావాలి, వచ్చాక ఎవరిని కలవాలి... ఇవన్నీ తెలిసి మనిషి ఇంటికి వెళ్లాలి. విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఉందో మైకులో చెబుతారు. చదువు రానివారికీ దారి దొరుకుతుంది. ఆఫీసు కిటికీ దగ్గరా అంత స్పష్టత ఉండాలి.

చట్టానికి ఈ ఆలోచన కొత్త కాదు. రాయడం రానివారు నోటితో అడిగితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయం చేయాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. అడిగిన విషయం వేరే కార్యాలయానిదైతే 5 రోజుల్లోగా దరఖాస్తును తామే అక్కడికి పంపాలి. ఆ పద్ధతి రేషన్ కార్డుకూ, పింఛనుకూ ఎందుకు పనికిరాదు?

భాష సంగతీ ఉంది. 1966లోనే తెలుగును అధికార భాషగా చట్టం చేసుకున్నాం. అయినా ‘మ్యుటేషన్ పెండింగ్, లాగిన్‌లో ఉంది’ అంటే పొలం కొన్న రైతుకు ఏం అర్థమవుతుంది? ‘పొలం ఇంకా మీ పేరు మీదికి మారలేదు, తహసీల్దారు చూడాలి’ అనడానికి ఇంకో రెండు క్షణాలు పడుతుంది, అంతే.

సిబ్బంది బాధ మాకు తెలియనిది కాదు. ఒక్క కిటికీ, బయటిదాకా వరుస, భోజనానికి లేస్తే కూర్చునే మనిషి లేడు, పైనుంచి టార్గెట్ల టెన్షన్. అరిచేవాళ్ల మాటలూ పడాలి. అలాంటివారికి ఒకపూట ఉపన్యాసం ఇచ్చి మారమనడం అన్యాయం. రద్దీ కార్యాలయాల్లో వివరాలు చెప్పడానికే విడిగా ఒకరిని కూర్చోబెట్టాలి.

పని కాని ప్రతిసారీ కారణం, మళ్లీ రావాల్సిన తేదీ, కలవాల్సిన ఉద్యోగి పేరు తెలుగులో రాసి చీటీ ఇవ్వాలి. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లు దీన్ని వచ్చే సోమవారం అర్జీల నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాం.