జవాబు ఒక్కటే ఉండాలి కదా!

సుడోకు దాదాపు పూర్తయ్యాక, మిగిలిన గళ్లలో అంకెలను ఇటు వేసినా అటు వేసినా సరిపోతుంటే ఒళ్లు మండుతుంది. అది నా తెలివికి పరీక్ష కాదు, కూర్చినవారి నిర్లక్ష్యం. జవాబు ఒక్కటే రావాలంటే కనీసం 17 అంకెలు ముందే ఇవ్వాలని 2012లో గణితజ్ఞులు కంప్యూటర్‌తో తేల్చారు (17 ఇచ్చినంత మాత్రాన సరిపోదు, అది వేరే సంగతి). క్షణంలో సరిచూసే ప్రోగ్రాములుండగా సరిచూడకుండానే అచ్చు వేస్తారా?

సంఖ్యల వరుసలది మరీ అన్యాయం. 1, 2, 4, 8, 16 తర్వాత ఏమిటని అడుగుతారు. 32 అంటే తప్పట, 31 అట! వృత్తం మీద ఒకటి, రెండు, మూడు అంటూ బిందువులు పెంచుతూ, ప్రతిసారీ వాటన్నిటినీ గీతలతో కలిపితే వృత్తం లోపల గరిష్ఠంగా ఏర్పడే భాగాల లెక్క అది. అందమైన లెక్కే. కానీ వృత్తం మాటే ఎత్తకుండా దాన్ని ఎలా పట్టుకోమంటారు? ఎంత కష్టమైనదైనా ఇవ్వండి, రాత్రంతా కూర్చుంటాను. ఆధారాలు మాత్రం దాచకండి.